రెండు మూపురాల పొన్న

ముత్యాలయ్య బోగోలు పక్క పల్లెకారుల ఇంట పుట్టాడన్న మాటేగానీ, పడవెక్కితే పేగులు నోట్లోకొచ్చేవి. ఊరంతా నవ్వి నవ్వి ఊరుకుంది. వల వదిలేసి తాడూ రంపమూ పట్టుకున్నాడు. ఇళ్ళ మీదికి వాలిన కొమ్మలు తీయడానికి, పుచ్చిన మానును తొలిచి శుభ్రం చేయడానికి, కావలి దాకా ఆయనకే కబురొచ్చేది. కొమ్మను పైనుంచి కోసే ముందు అడుగున చిన్న గాటు పెట్టేవాడు. లేకపోతే విరిగే కొమ్మ మాను బెరడు కూడా ఊడదీసుకుపోతుందట. తమ్ముడు చిన్నా "చెట్ల డాక్టరు" అని ఆటపట్టిస్తే మురిసిపోయేవాడు.

ఆయన ప్రాణమంతా మా ఇసుకదిబ్బ మీది పొన్నచెట్టులో ఉండేది. తాతల నాటిది. దాని తల రెండు మూపురాలుగా కనిపిస్తుంది. సముద్రం మీంచి వచ్చేవాళ్ళు ఆ రెంటి నడుమ పల్లానికి పడవ ముక్కు గురిపెడితే తిన్నగా ఏరు సముద్రంలో కలిసే మొగలోకి చేరతారు. అటూ ఇటూ ఇసుక మేటలే. ముత్యాలయ్యకు ఇదంతా వినికిడి. ఆయన ఆ చెట్టును ఎప్పుడూ నేల మీద నుంచే చూశాడు.

మొన్నటి తుఫానుకు ముందు, ఉత్తరపు మూపురం బరువుకు చెట్టు వేళ్ళతో సహా లేచిపోతుందని భయపడ్డాడు. చిన్నా పడవ అప్పటికే సముద్రం మీద ఉంది. గాలి దూరిపోయేలా ఆ వైపు కొమ్మలన్నీ పలచన చేశాడు. ఒడ్డునున్న మగవాళ్ళంతా తాళ్ళు లాగారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ గుర్తు చూసే ఇల్లు చేరేవాళ్ళు, ఒక్కడికైనా తట్టాలా వద్దా? నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అందుకే.

గాలి ముదరడం చూసి చిన్నా పడవను ఇంటిదారి పట్టించాడు. సెల్లు తడిసి పనిచేయలేదు. ఆ పడవలో ఉండి ఈది బతికొచ్చిన పెంచలకృష్ణ చెప్పింది ఇంతే.

"మసకలో రెండు మూపురాల కోసం చూసినాం. ఒకటే కనపడింది. మనూరు గాదని చిన్నా దక్షిణానికి తిప్పినాడు."

మేట మీద అల పడవను బోర్లా వేసింది. తుఫాను వెలిశాక చిన్నా శవం అల్లూరు వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పొన్నచెట్టు మాత్రం ఒక్క వేరు కదలకుండా నిలబడింది.

తాళ్ళు లాగినవాళ్ళే గొడ్డళ్ళు పట్టుకొచ్చారు. పాపిష్టి చెట్టన్నారు. ముత్యాలయ్య అడ్డుపడలేదు సరికదా, మొదటి దెబ్బ తానే వేస్తానన్నాడు. గొడ్డలి ఎత్తేసరికి చిన్నా భార్య వనజాక్షి వచ్చి మానుకు ఆనుకుని నిలబడింది.

"కొట్టబాకు బావా. మళ్ళా గుబురుగా పెరగనీ. మిగతావాళ్ళన్నా ఇల్లు చేరాల."

ఆమె నోరారా తిట్టినా ఆయన ఓర్చుకునేవాడేమో. గొడ్డలి అక్కడే పడేసి కూలబడ్డాడు.

ఇప్పుడు ముత్యాలయ్య పెంచలకృష్ణ పడవలో సముద్రం మీదికి పోతున్నాడు. వాంతులు అవుతూనే ఉంటాయి. అంచు పట్టుకుని తల ఎత్తి ఒడ్డు వైపు చూస్తాడు. ఇంకా ఒక మూపురమే కనిపిస్తోంది.