అల్యూమినియం క్లోరైడ్ మేడం

మేడం పోయిందన్న కబురు పొద్దున ఎల్బీనగర్ మెట్రో మెట్లెక్కుతూ ఫోన్‌లో చూశాను. పాత ల్యాబ్ గ్రూపులో అప్పటికే అందరూ "అమ్మలాంటి మనిషి" అని రాస్తున్నారు. మా అమ్మ అలా ఉండదు. ఫోన్ సంచిలో వేసుకున్నాను.

మన్సూరాబాద్‌లో మందుల కంపెనీలకు శాంపిళ్లు తయారుచేసే చిన్న ల్యాబ్ అది. మేడం సీనియర్ కెమిస్టు. ఆమె కింద కొన్నేళ్లు పనిచేశాను. మాది నల్గొండ దగ్గర పల్లె. నేను "ఎట్ల" అన్నప్పుడల్లా చేతిలో పని ఆపి మరీ "ఎలా" అని దిద్దేది. అందరూ నవ్వేవారు.

నీరులేని అల్యూమినియం క్లోరైడ్ సీసా ఆమె అధీనంలోనే ఉండేది. బెంజీన్ అణువుకు ఇంకో ముక్క అతికించాలంటే అది కావాలి. స్వచ్ఛమైనది తెల్లగా ఉంటుంది. పసుపు జీర కనబడితే ఇనుము కలిసిందని, యజమాని మొహమైనా చూడకుండా వాపసు పంపేది. గాలిలో తేమ తగిలితే చాలు, ఘాటైన తెల్లపొగ లేస్తుంది. "దీనికి నాకంటే కోపం ఎక్కువ" అనేది. నాకు ఆ విషయంలో సందేహమే.

ఒక ముసురు రోజు తూకం వేస్తుంటే పొడి నా ముంజేతి మీద పడింది. మంటతో సింక్ వైపు పరుగెత్తాను. వెనకనుంచి ఏప్రన్ కాలర్ పట్టి ఆమె గుంజిన గుంజుకు గుండీలు తెగి, వెళ్లి బల్లకు కొట్టుకున్నాను. పొడిగుడ్డతో చేతి మీదిదంతా దులిపాకే కుళాయి కింద పెట్టింది. ధార కింద చాలాసేపు పట్టుకునే ఉంది, తిడుతూనే ఉంది. "నీకు చదువు చెప్పినవాళ్లని అనాలి."

మధ్యాహ్నం వెళ్లి అడిగాను. "అందరి ముందట గట్ల గుంజుడేంది మేడం? చెప్తే విననా?"

"చెప్పేలోపు నీళ్లు పోసుకునేదానివి. నీళ్లు తగిలితే అది మరిగిపోతుంది. చెయ్యి ఉడికేది. ఇంకేమైనా ఉందా?"

మర్నాటి నుంచి సీసా ముట్టుకోవాలంటే, కొత్తగా చేరినవాళ్ల ముందు నాచేత బడిపిల్లలా అప్పజెప్పించేది: "ముందు దులపాలి, తర్వాత కడగాలి." కొన్ని నెలలు భరించి ఉద్యోగం మానేశాను. వెళ్లేరోజు చెప్పడానికి పోతే తలెత్తకుండా "తలుపు వేసి వెళ్లు, తేమ వస్తుంది" అంది.

చేతి మీద చిన్న మచ్చ మాత్రం మిగిలింది. ఆ చేత్తోనే వండుతున్నాను, బిడ్డకు జడ వేస్తున్నాను. ఆ రుణం ఉంది. ఇష్టం ఈరోజుకీ లేదు.

అయినా ఆఫీసు మానేసి చంపాపేటలోని మేడం ఇంటికి ఆటో ఎక్కాను. ఇంటి ముందు టెంటు వేశారు. ఏడ్చేవాళ్లు తక్కువ. అచ్చం మేడం ముక్కే ఉన్న ఒక పెద్దావిడ నన్ను చూసి, "మీరేమవుతారమ్మా?" అంది.

"మేడం కింద పనిచేసిన. ఆమెకు నాకు పడకపోయేది."

నోరు జారానే అనుకున్నాను. ఆవిడ పక్క కుర్చీ మీది సంచి తీసి కింద పెట్టింది.

"అయితే బాగా తెలిసినవారే. నేను చెల్లెల్ని. నాకూ పడేది కాదు. కూర్చోండి."

కూర్చున్నాను. పాడె లేచేదాకా ఇరుకు కుర్చీల్లో ఆవిడ మోచెయ్యి నా మోచేతికి ఆని ఉంది. ఎవరమూ జరుపుకోలేదు.