మధ్యలో ఆగిన మెట్లు

నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులొస్తే నన్ను మద్రాసు నుంచి ఇందుకూరుపేట అవతల, సముద్రం ఒడ్డునున్న మా తాతయ్య ఇంటికి పంపేవాళ్ళు. అక్కడ ఎటు చూసినా ఇసుక, సరుగుడు తోపులు, రొయ్యల గుంటలే. తాతయ్య మాత్రం బతుకంతా తిరుమల కొండే గీశాడు. గుడి గీసేవాడు కాదు, దేవుణ్ణీ గీసేవాడు కాదు. కొండే సామి అనేవాడు. చెప్పులు విప్పి, బొమ్మ గీసే చెక్క పలకకు మూడుసార్లు ప్రదక్షిణం చేశాకే కుంచె ముట్టేవాడు.

ఒక ఏడు పక్కింటి అక్క భర్త సముద్రం మీద వేటకు పోయి తిరిగి రాలేదు. అంతకుముందు అక్కకు జబ్బు చేసినప్పుడు, తగ్గితే ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ కొండెక్కుతానని అతను మొక్కుకున్నాడు. తీర్చకుండానే పోయాడు. తన జబ్బు వల్లే ఇదంతా అయిందని అక్క రాయిలా కూర్చునేది. కన్నీరు కూడా పెట్టలేదు. ఆ మొక్కు తనైనా తీరుద్దామంటే, ఏడాది దాటేదాకా కొండెక్కకూడదన్నారు పెద్దలు.

"బొమ్మ కొండకు మైలేందమ్మా? నేను గీస్తా, నువ్వెక్కు," అన్నాడు తాతయ్య.

కొండ గీశాడు, కింది మెట్లు గీశాడు. అప్పటికే ఆయన కళ్ళకు పొర కమ్మింది. పైసగం మెట్లు నాకు అప్పగించాడు. నాలుగు గీసేసరికి విసుగొచ్చి, అమ్మ ఇచ్చిన పాత ఫోన్లో ఆట మొదలుపెట్టాను.

"అయిందా పాపా?"

"ఎన్నిసార్లడుగుతావ్ తాతా, అయింది," అని కసిరాను. కళ్ళు కనపడని మనిషిని.

శనివారం పొద్దున్నే అక్క తలస్నానం చేసి వచ్చింది. ఉంగరపు వేలితో ఒక్కో మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ పోయింది. సగం కొండ దాటాక వేలు గాల్లో ఆగింది.

"పైన మెట్లు లేవు తాతా. ఆయన మొక్కు సామికి వద్దేమో."

తాతయ్య ముఖం నా వైపు తిరిగింది. నా సంగతి బయటపెడతాడనుకున్నాను.

"ఆడ కూచోవాలమ్మా," అన్నాడు నింపాదిగా. "నడిచి ఎక్కేవాళ్ళందరూ ఆడ కూలబడేవాళ్ళే. నేనూ కూలబడినా. ఊపిరి తీసుకో. మెట్లు యాడికి పోతాయి?"

అక్క నేల మీద కూలబడింది. అతను పోయాక మొదటిసారి ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది.

తాతయ్య కుంచె నా చేతిలో పెట్టి, "ఎక్కేది నువ్వు కాదు మే, ఆ యమ్మ. గియ్యి," అన్నాడు మెల్లగా.

మిగిలిన మెట్లన్నీ గీశాను. ఒకటి వంకర, ఒకటి వెడల్పు. రంగు ఆరేదాకా అక్క కాచుకుంది. తర్వాత నా వంకర మెట్లలో ఒక్కటీ వదలకుండా బొట్టు పెట్టింది. కొన చేరాక పలకకు నుదురు ఆనించి, "ఇంక నిమ్మళంగా ఉండయ్యా," అంది. సామితో అనలేదని నాకూ తెలిసింది.

కొన్నేళ్ళకు తాతయ్య పోయాడు. ఆయన కొండలు ఆ ఊళ్ళో ఇంకా ఉన్నాయి, ఎక్కువగా లేవలేని వాళ్ళ మంచాల పక్కన. నా విసుగూ తగ్గలేదు, చేతిలోంచి ఫోనూ దిగలేదు. కానీ ఎవరైనా నన్ను నమ్మి అయిందా అని అడిగితే, జవాబు చెప్పేముందు ఒకసారి వెళ్ళి చూసుకుంటాను. నేను సగంలో వదిలేసిన చోట ఎవరి వేలు గాల్లో ఆగుతుందో నాకు తెలియదు.