మళ్ళీ అడుగుతారనుకున్నాను

పబ్బులో నాకు ఏదీ నమ్మబుద్ధి కాదు. పదకొండేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, ఆ అనుమానం మాత్రం వదల్లేదు. చిప్స్ తెస్తే, చేపలు వేయించిన నూనెలోనే వీటినీ వేయించారా అని అడుగుతాను. కౌంటర్‌లో అమ్మాయి "లేదు, వేరే నూనె" అని టక్కున చెబితే, అంత టక్కున ఎందుకు చెప్పిందా అని ఆలోచిస్తాను. ఆల్కహాల్ లేని బీరని ఒకటి ఉంది. సీసా తిప్పి చూడండి, అడుగున చీమల బారులాంటి అక్షరాల్లో అర శాతం ఉందని రాసి ఉంటుంది. లేదు లేదంటూనే ఉంచే మనుషుల్ని ఎలా నమ్మడం? పైగా మా ఆఫీసు వాళ్ళు పబ్బుకు వెళ్ళేది గురువారం సాయంత్రాలు. గురువారం నేను నీసు ముట్టను. అందుకని ఒక లైమ్ సోడా తీసుకుని, గ్లాసు కింద పెడితే ఎవరిదైనా కలిసిపోతుందేమోనని చేత్తో పట్టుకునే కూర్చునేవాణ్ణి.

అయినా ప్రతి గురువారం వెళ్ళేవాణ్ణి. అసలు మీటింగు ఆఫీసులో కాదు, ఇక్కడే జరుగుతుందని నా గట్టి అనుమానం. గురువారం పబ్బులో ఎవరో గ్లాసు ఊపుతూ అన్న మాట సోమవారం పొద్దున్న ఈమెయిల్‌లో నిర్ణయంగా వచ్చేది. నేను లేనప్పుడు ఏం మాట్లాడుకుంటారోనన్న బెంగతోనే, బూట్లకు అంటుకునే ఆ జిడ్డు తివాచీ మీద గంటన్నరసేపు కాపలా కాసేవాణ్ణి.

నిరుటి ఎండాకాలం ఆ కాపలాకు ఇంకో కారణం తోడైంది. నా భార్య నర్సు. ఏడాదిన్నర కింద ఆమెకు లీడ్స్‌లో హాస్పిటల్ ఉద్యోగం వచ్చింది. మా ఏడేళ్ళ పాపను తీసుకుని అక్కడికి వెళ్ళింది. నా వీసా ఈ కంపెనీతో ముడిపడి ఉంది, కంపెనీ లండన్‌లో ఉంది. అందుకని నేను లండన్ శివారులో హౌన్స్‌లో అనే చోట, ఇద్దరు స్టూడెంట్లతో కలిసి ఉండే ఇంట్లో పైగదికి మారాను. శుక్రవారం సాయంత్రం రైలెక్కి లీడ్స్ వెళ్ళడం, సోమవారం తెల్లవారుజామున తిరిగి రావడం. పాప నాతో మాట్లాడుతున్నదల్లా నా సంచి వైపు చూసి, "ఆర్ యూ గోయింగ్ ఆల్రెడీ?" అనేది. ఆదివారం మధ్యాహ్నం నుంచే అలా అనేది.

అలాంటప్పుడు మా కంపెనీకి లీడ్స్‌లో ఒక పెద్ద ప్రాజెక్టు వచ్చింది. అక్కడే ఉండి టీమును నడిపే మనిషి కావాలన్నారు. ఆ సంగతి ఫోన్లో చెప్పగానే నా భార్య, "ఏవండీ, ఇది మీకోసమే వచ్చిందండీ. మీరు మాత్రం మెదలకుండా కూర్చోకండి" అంది.

నాకేం మెదలకుండా కూర్చునే ఉద్దేశం లేదు. నా అనుమానమంతా ఒకడి మీద. నంద్యాల వైపు కుర్రాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఇద్దరం ఒకే రోజు ఈ కంపెనీలో చేరాం. నన్ను అన్నా అనీ, నా భార్యను వదినా అనీ పిలుస్తాడు. నేనూ తమ్ముడూ అనే అంటాను. వచ్చిన కొత్తలో ఏడాదిపాటు ఆదివారాలు మా ఇంట్లోనే తిన్నాడు. మనిషి మంచివాడే. కానీ పబ్బు అతనికి అత్తారిల్లు. తలుపు తీయగానే అందరూ పేరు పెట్టి పిలుస్తారు. బీరు గ్లాసు పట్టుకుని మా మేనేజరు పక్కన నిలబడి, ఆవిడ కుక్కపిల్ల ఆరోగ్యం గురించి కూడా అడుగుతాడు. అంత అవసరం ఏమొచ్చిందని నేను దూరం నుంచి చూస్తుండేవాణ్ణి.

మా మేనేజరు యాభై దాటిన ఇంగ్లీషావిడ. ఒక గురువారం నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. క్రిస్ప్స్, అంటే మన ఆలూ చిప్స్, పొట్లాన్ని నిలువునా చీల్చి, అందరూ తీసుకునేలా విప్పి బల్ల మధ్యలో పరిచింది. ఇక్కడ అదో మర్యాద. నేను పొట్లం మీద దినుసుల జాబితా చదువుతుండగా, "లీడ్స్ టీము నువ్వు చూసుకుంటావా?" అంది. వాతావరణం గురించి అడిగినట్టే అడిగింది.

అవునని గట్టిగా అరవాలనిపించింది. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు. "అబ్బే, నేనా? నాకంటే సీనియర్లు ఉన్నారు కదా" అన్నాను. ఆవిడ "అలాగా" అని తల ఊపి ఒక క్రిస్ప్ తీసుకుంది.

మా తెనాలి వైపు పెరిగినవాడు ఇంకేమంటాడు? అడగ్గానే చంకలు గుద్దుకుంటే జనం ఏమనుకుంటారు? మా ఇళ్ళల్లో భోజనానికి రమ్మన్నా, "ఇప్పుడే తిని వచ్చామండీ" అనాలి. రెండోసారి పిలిస్తే, "అబ్బే, ఎందుకండీ శ్రమ" అనాలి. మూడోసారి చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే, అప్పుడు కూర్చోవాలి. కూర్చున్నాక కూడా చాలు చాలంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. మా అమ్మమ్మ ఆ చేతివేళ్ళ సందుల్లోంచే పప్పులోకి నెయ్యి పోసేది. చెయ్యి నిజంగా తీసేసినవాడిని తిండిపోతనీ, అడ్డం పెట్టగానే నెయ్యి గిన్నె వెనక్కి తీసుకున్నదాన్ని పిసినారి అనీ అనేవాళ్ళం. నేను చెయ్యి అడ్డం పెట్టాను, అంతే. నెయ్యి వస్తుందని కూర్చున్నాను.

ఆ వారం ఎవరూ ఏమీ అనలేదు. ఆఫీసులో సరిగ్గా పిలిచి అడుగుతారనుకున్నాను. పిలవలేదు. తర్వాతి గురువారం పబ్బుకు వెళ్ళేసరికి మా తమ్ముడూ, మేనేజరూ కౌంటర్ దగ్గర తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. మధ్యలో ఇద్దరూ నావైపు చూశారు. అతను ఏదో అన్నాడు, ఆవిడ నవ్వింది. నా చేతిలో లైమ్ సోడా చేదెక్కింది.

ఆవిడ గ్లాసు పట్టుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చింది. "నిన్ను ఇంకోసారి అడగమన్నారు. లీడ్స్ సంగతి. నిజంగానే వద్దా?" అంది, నవ్వుతూ.

అడగమన్నారా? ఎవరు? ఎందుకు? వెనక అతను మావైపే చూస్తున్నాడు, మీసాల కింద నవ్వు. నాకు ఒళ్ళు మండింది. ఇదేదో నాటకం అనిపించింది. పోస్టు ఎప్పుడో అతనికి రాసిచ్చేసి ఉంటారు, నన్ను అడిగామని తర్వాత చెప్పుకోవడానికి ఈ తతంగం. ఎగబడి అవునంటే ఇద్దరూ నవ్వుకుంటారు. "లేదండీ, నిజంగా పర్లేదు. ఎవరికి ఇచ్చినా నాకు సంతోషమే" అన్నాను, చాలా హుందాగా. ఆవిడ బల్ల మీద రెండుసార్లు మెల్లగా తట్టి, "నీ ఇష్టాన్ని గౌరవిస్తాను" అంది.

సోమవారం ఈమెయిల్ వచ్చింది. లీడ్స్ టీము మా తమ్ముడిది.

ఆ రోజు నేను మనిషిని కాను. అతను నా బల్ల దగ్గరికి వచ్చి "అన్నా, ఒక మాట" అంటే, పని ఉందన్నాను. రెండుసార్లు ఫోన్ చేస్తే తీయలేదు. నా భార్య ఫోన్లో, "అదేంటండీ, మిమ్మల్ని అడగనే లేదా?" అంది. "లేదు" అన్నాను. "నన్నెవరూ అడగలేదు. అంతా పబ్బులో కుదుర్చుకున్నారు." ఆ మాట చెప్పేటప్పుడు అబద్ధం చెబుతున్నానని నాకు అనిపించలేదు. మా లెక్క ప్రకారం అది అడగడమే కాదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ శనివారం హౌన్స్‌లోలో తెలిసినవాళ్ళ ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగింది. ప్రసాదం గిన్నె చేతిలో పెట్టుకుని నలుగురు మగవాళ్ళ మధ్య నిలబడి, "మేనేజరుతో బీర్లు తాగితే లీడ్ అవుతారండీ ఈ దేశంలో. మనలాంటి సోడాగాళ్ళకు రాదు" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు కాస్త హాయినిచ్చింది.

మూడు వారాల తర్వాత, గురువారమే, అతనికి వీడ్కోలు. శనివారం పొద్దున్న సామానుతో కారులో లీడ్స్ వెళ్ళిపోతాడు. నాకు వెళ్ళాలని లేదు. కానీ నా భార్య ఒక పని చెప్పింది. సోమవారం పాప స్కూల్లో దేశదేశాల బట్టలు కట్టుకొచ్చే పండగ. పట్టులంగా మా వీధి చివర కుట్టుపని చేసే ఆంటీ దగ్గర కుట్టించాం. ఆ వారాంతం నాకు ఆఫీసులో సపోర్టు డ్యూటీ వంతు పడింది, వెళ్ళడానికి లేదు. "మీ తమ్ముడు ఎలాగూ వస్తున్నాడుగా, అతనితో పంపండి" అంది. లంగాను కవర్లో పెట్టి, కవర్ను ఆఫీసు సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

బయట ఎండ ఇంకా ఉంది. అందరూ గ్లాసులతో పేవ్‌మెంట్ మీద నిలబడి ఉన్నారు. అతను గుంపులోంచి బయటికి వచ్చి, గోడ దగ్గరున్న నా పక్కన నిలబడ్డాడు. చేతిలో బీరు లేదు, నీళ్ళ గ్లాసు ఉంది.

"అన్నా, బీరు తాగి పోస్టు కొట్టేసినానని హౌన్స్‌లోలో అన్న్యావంట" అన్నాడు, మెల్లగా.

నేను గ్లాసులో నిమ్మ ముక్క వైపు చూశాను.

"ఆయమ్మ నిన్ను అడిగిన రోజు నాకు చెప్పినాది, మీ అన్న వద్దన్నాడని. నేను నమ్మలే. వదిన ఆడ, నువ్వు ఈడ, నువ్వెట్ల వద్దంటావు? మావాళ్ళు మొదటిసారి ఒప్పుకోరు మేడమ్, ఇంకోసారి అడగండి అని నేనే చెప్పినా. రెండోసారి గూడా వద్దన్న్యావంట."

"అది కాదు తమ్ముడూ..."

"ఇనన్నా. మూడోసారి గూడా అడగమన్న్యా. రెండుసార్లు వద్దన్న మనిషిని మళ్ళీ అడిగితే వేధించినట్టు అయితాది, నేనట్ల చెయ్యను అన్నాది. అప్పుడు నన్ను అడిగినాది. ఒప్పుకున్న్యా. ఇదంతా నీకు చెప్దామని ఆ వారమంతా చూసినా. నువ్వు మొగం చూపియ్యలే. ఫోన్ ఎత్తలే."

ఎదురుగా ఎవరో ఏదో జోకు వేశారు, అందరూ నవ్వారు. ఆ నవ్వు నా గురించేనేమో అన్న అనుమానం కూడా ఆ రోజు రాలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నా బల్ల దగ్గరికి రెండుసార్లు నడిచి వచ్చింది నా సంసారమే. దాన్ని నేను మర్యాదగా పంపించేశాను. ఇంకోసారి అడగమని నాకోసం చెప్పిన మనిషిని ప్రసాదం తింటూ బజారున పెట్టాను. క్షమించమని అడగాలి. తెలుగులో ఆ మాట పెద్దవాడు చిన్నవాడితో ఎలా అంటాడో నాకు తెలియలేదు. ఇంగ్లీషులో సారీ అనొచ్చు, కానీ ఆ మాట రైల్లో కాలు తగిలినా అంటాం.

"సరేలే అన్నా, పోతాండా. ఇంగా చానా సర్దుకోవాల" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "వదినకు, పాపకు ఏమన్నా పంపించేది ఉందా? కార్లో పోతాండా గదా."

సంచి నా భుజానికే ఉంది. లంగా అందులోనే ఉంది. చెయ్యి జిప్పు మీదికి వెళ్ళింది కూడా. అన్ని మాటలు అన్న తర్వాత ఏ మొహం పెట్టుకుని ఇవ్వను?

"అబ్బే, ఏం లేదులే. నీకెందుకు శ్రమ" అన్నాను.

అని ఎదురుచూశాను. అతను మావాడే. నెయ్యి ఎలా పోస్తారో తెలిసినవాడు. మా ఇంట్లో ఆదివారాలు ఎన్నిసార్లు చెయ్యి అడ్డం పెట్టాడో, నా భార్య ఎన్నిసార్లు వడ్డించిందో ఇద్దరికీ తెలుసు.

అతను నా మొహంలోకి కాసేపు చూశాడు. "సరే అన్నా" అని, గుంపు వైపు వెళ్ళిపోయాడు.

నేను గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా స్టేషన్‌కు నడిచాను. పికడిల్లీ లైను రైలు హామర్‌స్మిత్‌కు ముందు సొరంగంలోంచి పైకి రాగానే ఫోన్ మోగింది. నా భార్య.

"లంగా ఇచ్చారా? తీసుకెళ్తానన్నాడా మీ తమ్ముడు?"

సంచి ఒళ్ళో ఉంది. లోపల కవరు చప్పుడు చేస్తోంది.

"అడిగాడు. నేనే వద్దన్నాను" అన్నాను.

"అదేంటండీ, ఎందుకు?"

ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

"లీడ్స్ కూడా అంతే" అన్నాను. "అడిగారు. రెండుసార్లు అడిగారు."