జ్వరం చూసే చెయ్యి

మా అమ్మని వీధిలో అందరూ ఇస్త్రీ పిన్ని అంటారు. ముందు గదిలో ఇస్త్రీ కొట్టు, వెనక గదిలో మా ఇద్దరి కాపురం. ముప్పై ఏళ్ళుగా అదే బల్ల. ఇస్త్రీపెట్టె మీద వేడి పెంచే చక్రం, దాని చుట్టూ అంకెలు ఉంటాయి. ఆ అంకెల్ని అమ్మ ఏనాడూ నమ్మలేదు. పెట్టె అడుగుకి అరంగుళం దూరంలో అరచెయ్యి పెట్టి, "నూలుకి సరిపోతుంది, పట్టుకి ఇంకా చల్లారాలి" అనేది. ఆమె చేతిలో ఒక్క బట్ట మాడలేదు. నా చేతిలో ఎన్ని మాడాయో అడక్కండి.

వీధిలో జ్వరాలు కూడా ఆవిడే చూసేది. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు, "పిన్నీ, వీడి ఒళ్ళు కాస్త చూడు" అంటూ. దానికో పద్ధతి ఉండేది. పెట్టె పట్టే కుడిచేత్తో ఎప్పుడూ చూడదు. ఎడమచెయ్యి చన్నీళ్ళలో ముంచి, తుడుచుకుని, ఒక్క నిమిషం ఆగి అప్పుడు నుదుటి మీద పెట్టేది. "తొంభై తొమ్మిదిన్నర. బడి ఎగ్గొట్టడానికి ఇది చాలదు నాయనా" అనేది. పిల్లాడి మొహం వేలాడేది, తల్లి నవ్వేది. మా ఇంట్లో థర్మామీటరు ఎప్పుడూ లేదు. కొంటే ఆవిడకి తలకొట్టేసినట్టు ఉండేది.

పోయినేడు అమ్మకి రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి తీసేశారు, తర్వాత కీమో మొదలుపెట్టారు. మొదటిరోజే నర్సు నన్ను పక్కకి పిలిచింది.

"మందు ఎక్కించిన వారం పదిరోజులకి ఒంట్లో తెల్లకణాలు బాగా పడిపోతాయమ్మా. అప్పుడు వచ్చే జ్వరం మామూలు జ్వరం కాదు, ప్రాణాల మీదకి వస్తుంది. నూరు దాటిందంటే గంటలో ఇక్కడుండాలి. ముందు థర్మామీటరు కొనుక్కో."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నా చేతికేం రోగం వచ్చిందే?" అంది. థర్మామీటరు కొననేలేదు. తర్వాత్తర్వాత జుట్టు పోయింది. నోరంతా పుళ్ళు, మంచినీళ్ళు కూడా మంటే. ఇన్ని పోయాక మిగిలిన ఆ ఒక్క గొప్పా లాక్కోవడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాలుగో విడత తర్వాత చేతులు మొద్దుబారాయి. మొదట చొక్కా గుండీలు వేళ్ళకి చిక్కకుండా జారిపోయేవి. తర్వాత ఒకరోజు పెట్టె కింద అరచెయ్యి పెట్టి, "ఇదేంటి, ఇంకా వేడెక్కలేదు" అంటూ చక్రం తిప్పింది. కాసేపాగి మళ్ళీ తిప్పింది. పక్కవీధి స్కూలు మాస్టారి తెల్లచొక్కా మీద పెట్టె ఆకారం గోధుమరంగులో అచ్చు దిగిపోయింది. అమ్మ ఆ మచ్చని తడిగుడ్డతో రుద్ది చూసింది.

"కరెంటు ఎక్కువ తక్కువలుగా వస్తోంది" అంది చివరికి.

ఆ రోజు నుంచి పెట్టె నేను పట్టుకున్నాను, ఆవిడ మడతలు పెట్టేది. "డాక్టరుకి చెప్పకు. మందు ఆపేస్తాడు, గడ్డ మళ్ళీ వస్తుంది" అని నా చేత ఒట్టు వేయించుకుంది. నేను వేశాను. నిప్పులాంటి పెట్టె వేడే తెలియని చేతికి ఒంటి వేడి ఎలా తెలుస్తుందన్న ఆలోచన, చిత్రం, నా బుర్రకి తట్టనే లేదు.

ఐదో విడత అయ్యాక తొమ్మిదో రోజు పొద్దున్నే అమ్మ దుప్పటి కప్పుకుని కుర్చీలో ముడుచుకుని కూర్చుంది.

"చలేస్తోందా అమ్మా?"

"ఫ్యాను గాలే." నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. "చల్లగా ఉన్నానే. నీ పని చూసుకో."

లాడ్జి వాళ్ళ దుప్పట్లు నలభై, మధ్యాహ్నానికల్లా ఇవ్వాలి. అయినా మనసాగక పెట్టె పక్కన పెట్టి, గబగబా వెళ్ళి ఆవిడ నుదుటి మీద చెయ్యి వేశాను. చల్లగానే తగిలింది. హమ్మయ్య అనుకుని మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చాను.

నేను వేసింది కుడిచెయ్యి. గంటసేపు పెట్టె పట్టుకుని సెగ ఎక్కిన చెయ్యి. ఆ చేతికి ఎవరి నుదురైనా చల్లగానే తగులుతుంది. ఈ ముక్క అమ్మ నాకు ఆరేళ్ళప్పుడే నేర్పింది.

మధ్యాహ్నం మాస్టారు బట్టల కోసం వచ్చారు. పాపం, చొక్కా కాల్చినా మమ్మల్ని వదల్లేదు ఆయన. అమ్మ కూర్చునే మడతలు అందిస్తుంటే ఆవిడ వేళ్ళు ఆయన చేతికి తగిలాయి. ఆయన ఉలిక్కిపడ్డారు.

"ఇదేంటి పిన్నీ, ఒళ్ళు కాలిపోతోంది!"

"మీ చెయ్యే చల్లగా ఉంది బాబూ" అని నవ్వబోయింది అమ్మ. లేవబోయింది, లేవలేకపోయింది.

ఆసుపత్రిలో చూస్తే నూట మూడు. డాక్టరు నన్ను అడిగాడు.

"జ్వరం ఎప్పట్నుంచి?"

"పొద్దున లేదండీ."

"పొద్దున ఎంతుంది? నంబరు చెప్పండి."

నా దగ్గర నంబరు లేదు. "చేత్తో చూశామండీ" అన్నాను. ఆయన కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలేసి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

చేతుల సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. అది తర్వాత చూద్దాం, ముందు ఈ జ్వరం దిగనివ్వండి అన్నారు. రెండు రోజులు గడిచాయి. మందు మార్చారు. అడిగితే "చూద్దాం" అంటారు. నాకు చేతనైంది తడిగుడ్డ వేయడం, వేడెక్కాక తీసి పిండి మళ్ళీ వేయడం. అంతకుమించి ఏం చేయాలో ఎవరూ చెప్పరు. చేయడానికి ఏమీ లేదు మరి.

మూడోరోజు సాయంత్రం నర్సు థర్మామీటరు చూసి, కాగితంలో రాసుకుని వెళ్ళింది. వంగి చూశాను. నూట రెండున్నర. అమ్మ కళ్ళు విప్పింది.

"ఆవిడ లెక్కలు నాకొద్దే. నువ్వు చూసి చెప్పు."

కుళాయి దగ్గరికి వెళ్ళి ఎడమచెయ్యి తడుపుకున్నాను. తుడుచుకుని, నిమిషం ఆగి, నుదుటి మీద పెట్టాను. భగభగా మండుతోంది. అమ్మ నా మొహం వైపే చూస్తోంది.

"చెప్పవే. ఎంతుంది?"

"తగ్గిందమ్మా. తొంభై తొమ్మిది."

"ఉండు" అని నా చెయ్యి పక్కకి జరిపి, తన అరచెయ్యి నుదుటి మీద పెట్టుకుంది. కాసేపు అలాగే ఉంచి చూసుకుంది.

"అవునే" అంది. "తొంభై తొమ్మిదే."