బొటనవేలి మీద పులిపిరి, దాని మీద జీడి సొన

ఒక్క పులిపిరిని చంపబోయి నా కుడిచేతి బొటనవేలిని గారెలా వేయించుకున్న సంగతి చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. నౌపడ దగ్గరి మా జీడి షెడ్డులో ఆడవాళ్ళు పదేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. మీరూ నవ్వితే నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

అప్పుడు నాకు యాభై రెండేళ్ళు. అంటే బుద్ధి ఇంకా రాని వయసు. జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పని నాది. మధ్యాహ్నం పని అయ్యాక అదే షెడ్డులో గోనెసంచులు పరిచి పెద్దవాళ్ళకు బడి పెట్టేవారు. పార్వతి అని మా ఊరి కోడలు పిల్ల అక్షరాలు దిద్దించేది. ఆ వయసులో నేను పలక పట్టింది చదువు మీద మోజుతో అనుకునేరు, కాదు. షెడ్డు ఆడవాళ్ళ సంఘానికి లీడరు కావాలన్నారు. సంతకం పెట్టి నాలుగు ముక్కలు రాయగలిగినవాళ్ళే లీడరని రూలు పెట్టారు. నాకు రాకపోతే ఆ కుర్చీ ఎవరికి పోతుందో తెలుసా? నా తోడికోడలు సూరమ్మకి! అది అయిదో తరగతి చదివింది. ఆ అయిదు తరగతులనూ ముప్పై ఏళ్ళుగా ముక్కుపుడకలా నా ముందు మెరిపిస్తూనే ఉంది. నాకంటే చిన్నది, దాని కింద నేను పని చెయ్యాలా? ఆరు నెలలు పళ్ళు బిగబట్టి దిద్దాను. వచ్చే గురువారం పెద్దవాళ్ళ బళ్ళు చూసే పెద్ద సారు వచ్చి పరీక్ష పెడతారు, నేను నెగ్గితే వయసులో పెద్దదాన్ని కాబట్టి లీడరు నేనే అని అందరూ ఒప్పుకున్నారు.

అంతా బాగానే ఉంది, ఒక్క పులిపిరి తప్ప. ప్రపంచంలో ఇంకెక్కడా చోటు లేనట్టు, సరిగ్గా పెన్ను ఆనే చోట బొటనవేలి మీద మొలిచింది. మొదట మినపగింజంతే. నేను ఊరుకున్నానా? మా ఆయన గడ్డం గీసుకునే బ్లేడు పెట్టి కోసేశాను. రెండు నెలలు తిరిగేసరికి దాని చుట్టూ ఇంకో నాలుగు మొలిచాయి, కోడిపెట్ట చుట్టూ పిల్లలు చేరినట్టు. పెన్ను పట్టుకుంటే "అ" అనే అక్షరం పొట్ట దగ్గర మొదలై ఎక్కడికో జారిపోయేది.

సోమవారం ఇక లాభం లేదనుకున్నాను. జీడి దేశంలో పుట్టి పెరిగినదాన్ని, మందు కోసం వెతుక్కోవాలా? పిక్క తొక్కలో నల్లటి సొన ఉంటుంది. ఒంటికి తగిలితే నిప్పులా కాలుస్తుంది. అది తగలకూడదనే మేమంతా పనికి ముందు మోచేతుల దాకా ఆముదం రాసుకుంటాం. చూడండి నా తెలివి: ముప్పై ఏళ్ళు దేన్నుంచి చేతులు కాపాడుకున్నానో, దాన్నే పిలిచి కూర్చోబెట్టాను.

"ఒసే సూరీ, ఒక పచ్చి పిక్క ఇలగియ్యి" అన్నాను.

"ఏటికప్పా?" అంది. మా వైపు అక్కని అప్పా అంటాం.

"పులిపిరికి సొన రాస్తాను."

"ఒలమ్మో! తోలు ఊడిపోతాది, తెల్దేటి?"

"ఊడాలనే కదే రాస్తన్నాను!"

"నా మాటినుకో అప్పా. గురువారం పరీచ్చ ఉన్నాది. అయ్యాక రాసుకో."

ఇదే మాట ఇంకెవరు చెప్పినా వినేదాన్నే. చెప్పింది సూరమ్మ. "నా రాత బాగుపడిపోతాదని నీకు కుళ్ళు" అన్నాను. అది పిక్క నా ఒళ్ళో పడేసి, "అయితే రాసుకో. బక్కెట్టు కూడా తెచ్చుకో, ఏలు ఊడి పడితే ఏసుకోడానికి" అని వెళ్ళిపోయింది.

ఇంటికి పోయి పిక్క చీల్చాను. మా ఆయన ముక్కు మూసుకున్నాడు.

"ఏటే ఆ కంపు?"

"మందు మావా."

"ఒక్క సుక్క సాల్దేటి?"

"అయిదు పులిపిర్లకి ఒక్క సుక్కా? ఆటిలో ఆటికి తగువులు రావేటి?"

లెక్క చూసుకోకుండా పూసి, అది ఎటూ పోకుండా గుడ్డ చుట్టి గట్టిగా ముడేశాను. మంట మొదలైంది. మంట అంటే మందు పని చేస్తోందని సంబరపడ్డాను. పొద్దున్న గుడ్డ విప్పితే మా ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఒసే, ఇది ఏలేనా?"

"ఏలే మావా!"

"మరి గోరేదీ?"

గోరు లోపలెక్కడో ఉంది. పైన నీటి బుడగ ఒకటి, లేత వంకాయంత, నిగనిగలాడుతూ.

టెక్కలిలో చర్మం డాక్టరమ్మ దగ్గరకు లాక్కుపోయాడు. ఆ పిల్ల నా వేలు చూసి కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఏం పెట్టారమ్మా దీనికి?"

"జీడి సొన తల్లీ."

"ఎవరు చెప్పారు?"

"ఒకలు సెప్పాలేటి? నాకే తెలుసును."

"అంతకు ముందు?"

"బ్లేడుతో కోసీసినాను."

ఆమె తల పట్టుకుంది. "పులిపిరి అంటే చర్మంలో దూరిన వైరస్ అమ్మా. కోసినా, గిల్లినా పక్కకి పాకుతుంది. మీరు బ్లేడుతో విత్తనాలు చల్లుకున్నారు. చాలావరకు కొన్నాళ్ళకు వాటంతట అవే పోతాయి. ఆగలేకపోతే పూసే మందు ఉంది. రోజూ వేలు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, వారాల తరబడి ఓపికగా పూయాలి. కానీ ముందు ఈ కాలిన గాయం మానాలి."

"గురువారంలోగా మానుతాదా తల్లీ?"

"ఏ నెలలో గురువారం?" అంది ఆ పిల్ల, వేలికి తాటిముంజంత కట్టు కడుతూ.

గురువారం రానే వచ్చింది. పెద్ద సారు కుర్చీలో కూర్చున్నారు. మేం గోనెసంచుల మీద. "మీ పేరు, ఊరు, చేసే పని రాయండి" అన్నారు. పెన్ను పట్టుకోబోతే దొర్లిపోయింది. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ దొర్లింది. మూడోసారి సారు కాళ్ళ దగ్గరకు పోయింది. ఆయన పెన్ను తీసి ఇచ్చి, కట్టు చూసి జాలిపడ్డారు.

"పోనీలేమ్మా, ఎడమచేతి వేలిముద్ర వెయ్యి. పరీక్షకు వచ్చినట్టు రాసుకుంటాను. వచ్చే ఏడు పరీక్ష రాద్దువుగాని."

ఇంకుపెట్టె నా ముందుకు జరిపారు. ఆ నీలం రంగు చూస్తే ఆరు నెలల పలక, అరిగిన బలపాలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఎడమ బొటనవేలు దానంతట అదే లేచింది, పాత అలవాటు కదా. నేనే దాన్ని పిడికిలిలో మడిచేశాను.

"ఎయ్యను బాబూ" అన్నాను. "ముద్దర ఎయ్యడానికైతే ఇన్నాళ్ళు ఇక్కడ కూకునేదాన్నా?"

అప్పుడు వెనకనుంచి సూరమ్మ లేచింది. నా పని అయిపోయింది, ఇప్పుడు కుర్చీ అడుగుతుంది అనుకున్నాను. అది వచ్చి నా పక్కన చతికిలబడి, తన జడ రిబ్బను ఊడదీసింది.

"సెయ్యి ఇలగియ్యి అప్పా. బొటనేలు లేకపోతే మిగతా ఏళ్ళు సచ్చిపోనాయేటి?" అంటూ పెన్నును చూపుడువేలికీ నడిమివేలికీ మధ్యన పెట్టి రిబ్బనుతో బిగించింది. "సారూ, ఇలగ రాయొచ్చా?"

"చెయ్యి ఆవిడదే కదా, రాయొచ్చు" అన్నారు సారు.

మా అమ్మానాన్నల మీద ఆ రోజు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. సీత, లక్ష్మి లాంటి పేరు పెట్టొచ్చు కదా? అప్పలనరసమ్మ! రెండు ఒత్తులు! చేత్తో కాదు, భుజంతో రాశాను. "ప్ప" రాసేసరికి చెమట పట్టింది. "న" వంకర తిరిగింది, "ర" గుండ్రంగా దొర్లింది, చివరి "మ్మ" కింద ఒత్తు పక్క గీతలో పడింది. ఊరు రాశాను. "జీడిపిక్కలు కొడతాను" అని రాశాను. కాగితం మీద ఇంకు కంటే నా చెమటే ఎక్కువ.

సారు కాగితం దూరం పెట్టి చూశారు, దగ్గర పెట్టి చూశారు. "అప్పలనరసమ్మ" అని పైకి చదివారు. ఒక్క అక్షరం తప్పు పోలేదు! షెడ్డు కప్పు ఎగిరిపోయేలా ఆడవాళ్ళు అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది సూరమ్మ.

"పదవి పోనాది కదే, నీకేటి సంబరం?" అని అడిగాను.

"నువ్వు పరీచ్చ తప్పితే వచ్చే ఏడు దాకా నీ సణుగుడు ఎవలింటారు?" అంది.

వేలు మానడానికి నెల పట్టింది. సొన దెబ్బకు తోలు పోయింది, గోరు పోయింది, వేలిలో తిమ్మిరి కూడా కొన్నాళ్ళు ఉండి పోయింది. పోనివి పులిపిర్లు. అయిదుకి అయిదూ ఎర్రగా, ఆరోగ్యంగా కొత్త తోలులోంచి పైకి వచ్చాయి. డాక్టరమ్మ ఇచ్చిన మందు రోజూ పూస్తే రెండు నెలలకు రాలిపోయాయి. అంతలో నా ఖ్యాతి షెడ్డులో వేరే విధంగా పాకింది. ఒక ఉదయం ఏడుగురు ఆడవాళ్ళు చేతిలో పచ్చి పిక్కలతో నా ముందు వరసకట్టారు. "లీడరప్పా, నీ పులిపిర్లు ఊడగొట్టిన సొన వైద్యం మాకూ సెయ్యి" అన్నారు.

సుద్దముక్క తీసుకుని షెడ్డు గోడ మీద, అందరూ చూసేలా, లీడరుగా నా మొదటి ఆజ్ఞ రాశాను:

"పులిపిరికి సొన రాయరాదు. బ్లేడు పెట్టరాదు. డాక్టరు దగ్గరకు పోవలెను. నేను చచ్చినా మళ్ళీ ఆ పని చెయ్యను, ఇదే ఒట్టు. ఇట్లు, సొంత బొటనవేలితో, అప్పలనరసమ్మ."