గుడ్డ కదిలిందా, పిల్లా?

నా చిన్నప్పుడు, నాంపల్లిలో అమ్మమ్మ వాళ్ళింటి వసారాలో, ఒక విదేశీ మోటార్‌సైకిల్ రెండు నెలలు కాపురం చేసింది. మట్టి గుట్టలెక్కడానికి తప్ప దేనికీ పనికిరాని జాతి. దాని టైర్లకున్న పళ్ళు మొసలికి కూడా ఉండవు. అది మోగితే మొజంజాహీ మార్కెట్ గడియారం ఒక నిమిషం ఆగి మళ్ళీ నడిచేదని మా మామ చెప్పేవాడు. నేను ఇంకో నిమిషం కలిపి బళ్ళో చెప్పేదాన్ని.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. వారమంతా ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో తానులు కొలిచేవాడు, ఆదివారాలు ఊరి బయట మట్టి రేసుల్లో దుమ్ము తినేవాడు. బండి నీలం పొగ వదులుతూ ఆయిల్‌ను మంచినీళ్ళలా తాగేస్తుంటే పిస్టన్, రింగులు అరిగాయని తేలింది. ఇంజిన్ పై భాగమంతా విప్పి కొత్తవి వెయ్యాలి. మెకానిక్‌లు దాని విదేశీ మొహం చూసి దండం పెట్టేశారు. దాంతో మామే స్పానర్ పట్టాడు. ఆయనకు గురువు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో దొరికిన ఒక మాన్యువల్. అది ఏ భాషో ఇంటిల్లిపాదికీ తెలియదు. బొమ్మలు చూసి గుండె ఆపరేషన్ చేస్తున్నాడన్నమాట.

అమ్మమ్మ గడువు పెట్టేసింది. "ఆదివారం రేసుకు పోయిందా, సరే. పోకుంటే సోమవారం గీ ఇంట్ల బండన్న ఉండాలె, నేనన్న ఉండాలె." పాపం మామకు ఇద్దరూ కావాలి.

శనివారం మధ్యాహ్నం పాత చీర మీద సామాన్లన్నీ పెళ్ళి సారెలా పరిచి ఉన్నాయి. పిస్టన్‌ను రాడ్‌కు పట్టి ఉంచే పిన్ జారిపోకుండా అటొకటి, ఇటొకటి తీగ చుట్లు వేస్తారు. వాటిని లాక్ అంటారు. గోరంత ఉంటుంది, పొగరు మాత్రం కొండంత. చేతిలోంచి ఎగిరి ఇంజిన్ కడుపులో పడిందా, ఇంజిన్ పని అయిపోయినట్టే. అందుకని పిస్టన్ కింద నోరు తెరుచుకున్న ఆ కడుపు నిండా గుడ్డ కుక్కాలి. ఆ గుడ్డను రెండు చేతులా అదిమి పట్టుకునే ఉద్యోగం నాది. తొమ్మిదేళ్ళకు దక్కిన అంత పెద్ద పదవి తర్వాత నా ఇన్నేళ్ళ నౌకరీలో మళ్ళీ దక్కలేదు.

మామ రెండో లాక్ నొక్కుతున్నాడు. ఇంజిన్ కడుపులో ఏముంటుందో చూడాలని నాకు పొద్దుటి నుంచీ ప్రాణం పీకుతోంది. గుడ్డ అంచు వేలెడంత ఎత్తాను. సరిగ్గా అప్పుడే టింగుమంది. చూస్తే లాక్ లేదు.

"గుడ్డ కదిలిందా, పిల్లా?"

"లేదు మామా."

"నువ్వు పట్టుకున్నవ్ గద. ఇగ నాకేం ఫికర్."

వసారా అంతా ఊడ్చాడు, అయస్కాంతంతో పాకాడు. దొరకలేదు. సైకిలెక్కి పోయి, కొలత కుదిరిన ఇంకో లాక్ తెచ్చి వేశాడు. గుడ్డ తీసి అవతల పారేశాడు, నా మాట మీద నమ్మకంతో.

సిలిండర్ దిగింది, నా అబద్ధం మీద మూతలా. దాని మీద హెడ్ కూర్చుంది. బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తున్నాడు. లాక్ లోపలే ఉంటే? రేపు బండి గాల్లో ఉండగా ఇంజిన్ పట్టేస్తే? మామ కింద పడటం, మామ మీద బండి పడటం, బండి మీద గుట్ట పడటం వరసగా కనిపించాయి. రెండు సార్లు నోరు తెరిచాను. రెండు సార్లూ అమ్మమ్మ ఏదో తినడానికి తెచ్చి అందులో పెట్టింది.

చివరికి మామ స్పానర్ నా చేతిలో పెట్టాడు. కిక్ కొట్టే ముందు ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పాలట, లోపల ఏదీ తగలడం లేదని చూసుకోవడానికి. "నువ్వే తిప్పు, కోడలు పిల్లా. నీ ఇంజినే గిది."

మొదటి చుట్టు వెన్నలా తిరిగింది. ఏ చప్పుడూ లేదు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేదని నాలోని దొంగ ఇప్పటికీ గొణుగుతుంటుంది. రెండో చుట్టు సగంలో నా చెయ్యి ఆగిపోయింది.

"గుడ్డ కదిలింది మామా."

ఆయన నా వంక చూశాడు. గోడకు వేలాడుతున్న తన రేసు బూట్ల వంక కాస్త ఎక్కువసేపు చూశాడు. తర్వాత స్పానర్ అందుకుని, బిగించిన చివరి బోల్టునే మొదట వదులు చేశాడు. "అయ్యిందా?" అని అమ్మమ్మ లోపలి నుంచి కేకేసింది.

"కాలేదమ్మా. నాదే జర తప్పు వోయింది," అన్నాడు.

ఆదివారం, అవతల రేసు మొదలయ్యే వేళకు, మామ వసారాలో ఇంజిన్‌ను తలకిందులు చేసి, కిరోసిన్‌తో కడిగి, ఆ కిరోసిన్‌ను పంచెలో వడగడుతున్నాడు. ఏమీ లేదు. మూడు సార్లు వడగట్టాడు. మూడు సార్లూ ఏమీ లేదు.

అదే వేళకు అమ్మమ్మ తలంటు పొయ్యడానికి నా జడ విప్పింది. "ఏందే గిది, నెత్తిల తీగ పెట్టుకుని తిరుగుతున్నవ్?" రిబ్బను ముడిలో లాక్ హాయిగా నిద్రపోతోంది.

దాన్ని అరచేతిలో పెట్టుకుని, జుట్టు విరబోసుకుని, మామ ముందు నిలబడ్డాను. ఊరికే పోయింది రేసు. మామ దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "కడుపుల లేదని నిన్న మనకు తెల్వదు. ఇయ్యాల తెల్సింది." పిస్టన్ ముందుకు జరిగి, "గుడ్డ పట్టు," అన్నాడు.

మామ సైకిలెక్కి తెచ్చి వేసిన లాక్ ఇంజిన్ విప్పినప్పుడు ఊడింది. ఒకసారి విప్పిన లాక్ మళ్ళీ వెయ్యకూడదు కాబట్టి, ఇంకా వాడని, నా జడలోంచి వచ్చినదే ఇంజిన్‌లోకి ఎక్కింది. ఈసారి గుడ్డతో పాటు కళ్ళు కూడా గట్టిగా మూసి పట్టాను. జరిగిందంతా నేనే అమ్మమ్మకు చెప్పాను. సోమవారం బండీ ఉంది, అమ్మమ్మా ఉంది.

మొన్న ఆబిడ్స్‌లో స్కూటీ వెనక్కి తీస్తూ ఎవరిదో కారు అద్దం విరగ్గొట్టాను. చూసిన కన్ను ఒక్కటీ లేదు. బండెక్కి పోవచ్చు. కారాయన వచ్చే దాకా ముప్పావుగంట ఎండలో నిలబడ్డాను, నా లెక్కలో అది మూడు వేసవులు. ఆయన వచ్చి, "ఏమైందమ్మా?" అన్నాడు. అద్దం సంగతి చెప్పాల్సిన నోట్లోంచి ముందు వచ్చిన మాట, "గుడ్డ కదిలిందండీ."