ఇంటిపేరు మారితే పోతుందనుకుంది

పోయిన చలికాలంలో స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గట్టిగా ఏదో తగిలింది. అమ్మను తోడు తీసుకుని బిష్టుపూర్‌లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చేత్తో నొక్కి చూసి, బయాప్సీ చేయాలంది. "ఖాన్‌దాన్‌లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?" అని, అంటే మా వంశంలో అని, హిందీలో అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ, "ఎవరికీ లేదు" అని హిందీలోనే గట్టిగా చెప్పేసింది. నాకు కాస్త ధైర్యమొచ్చింది.

బయట గోల్‌మురి వెళ్లే ఆటో కోసం నిలబడ్డాం. అమ్మ కులాసాగానే ఉంది.

"బయపడకే. మీ నాన్నమ్మకీ మేనత్తకీ వచ్చినాదని నీకెందుకు వత్తాది?"

నాన్నమ్మ కామెర్లతో, మేనత్త టైఫాయిడ్‌తో పోయారని కదా ఇన్నేళ్లూ నాకు చెప్పింది!

"మరి ఎవరికీ లేదన్నావేం?" అని నడిరోడ్డు మీద అరిచాను.

"నీ కాన్దానంటే మీ అత్తోరిది కదేటే? ఆలింట్లో ఎవులికీ నేదు. నానేటి అబద్దం సెప్పినాను?" అంది, నేనే తెలివితక్కువదాన్నన్నట్టు. "మీ మేనత్తకి ముప్పై దాటినా పెళ్లి కానేదు. మన ఇంటిపేరుతోనే ఉండిపోనాది, అది పట్టీసినాది. నీకలా అవకూడదనే ఇంటర్ అవగానే పెళ్లి సేసీసినాను."

నేను నర్సింగ్ చదవాలనుకున్నాను. అప్లికేషన్ కూడా నింపుకున్నాను. మంచి సంబంధం, చేజారిపోతుందని చెప్పి పీటల మీద కూర్చోబెట్టారు. పదిహేడేళ్లుగా ఆ మాటే నిజమనుకుంటున్నాను. ఒళ్లు మండిపోయింది.

అమ్మ చెయ్యి పట్టుకుని మళ్లీ లోపలికి లాక్కెళ్లాను. అంతా చెప్పేశాను. డాక్టరమ్మ కుర్చీ అమ్మ దగ్గరికి జరుపుకుని నిదానంగా చెప్పింది. ఇది తండ్రి వైపు నుంచి కూడా రావచ్చట. పుట్టుకతో వచ్చింది పెళ్లితో పోదట. అలాగని అందరికీ వచ్చి తీరాలనీ లేదు, రక్తపరీక్ష చేయిద్దాం అంది.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దులిపేద్దామని తెచ్చినదాన్ని, ఆ మొహం చూసి పక్కన కూర్చుండిపోయాను. అమ్మ నా వైపే చూస్తోంది.

"అయితే, నీ సదువు మానిపించీసినది ఏటికే?" అంది.